బెడ్డ పగలకపోతే సిమెంటు దండగే: నల్లరేగడి రోడ్డు కింద బూడిద, సిమెంటు, స్లాగ్‌తో చేసిన ఒక పని

రెండు ఊళ్లను కలిపే 3 కిలోమీటర్ల రోడ్డు ఇది. ఊళ్ల పేర్లు, జిల్లా, కాంట్రాక్టు వివరాలు తీసేసి, కొలతలను దగ్గరి అంకెలకు సర్ది రాస్తున్నాం.

అడుగున నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలంలో చక్రానికి చుట్టుకునే జిగురు. అంతకుముందు రెండుసార్లు మొరం పోసి, కంకర పరిచి, తారు వేశారు. రెండుసార్లూ మూడో వానాకాలం దాటకుండానే అంచులు జారాయి, చక్రాల జాడల్లో గాడులు పడ్డాయి. తవ్వి చూస్తే కంకరలో సగం రేగడిలోకి దిగిపోయి ఉంది. పైపొర పలచనైనందువల్ల పోయిన రోడ్డు కాదిది. కింద నేల నానినప్పుడు బరువు మోయలేక పోయింది.

మట్టి పరీక్షల్లో ద్రవ పరిమితి (మట్టి జారుడుగా మారే తేమ) 74, ప్లాస్టిక్ పరిమితి (ముద్దగా మలచడానికి కావలసిన కనీస తేమ) 28, అంటే ఈ రెండిటి తేడా, జిగురుకు కొలతైన ప్లాస్టిసిటీ ఇండెక్స్ 46. ఫ్రీ స్వెల్ (నీటిలో ఉబ్బే మేర) 95 శాతం. 75 మైక్రాన్ల జల్లెడలోంచి 88 శాతం దిగింది. భారీ ప్రాక్టర్‌లో (మట్టిని దెబ్బలతో కుదించి చూసే పరీక్ష) గరిష్ఠ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.60 గ్రాములు, దానికి తగిన తేమ 22 శాతం. తేలికపాటి ప్రాక్టర్ సాంద్రతకు నింపి నాలుగు రోజులు నానబెడితే సీబీఆర్ (నేల బరువు మోసే శక్తికి కొలత) 1.8. ఇంత తక్కువ సీబీఆర్ మీద మామూలు పద్ధతిలో కట్టాలంటే అర మీటరు మందాన మంచి మొరం కావాలి. 7.5 మీటర్ల వెడల్పున 3 కిలోమీటర్లకు అది 11,250 ఘనపు మీటర్లు. సరైన మొరం క్వారీ 48 కిలోమీటర్ల దూరంలో ఉంది. వెయ్యికి పైగా టిప్పర్లు తిరిగితే దారిలో ఉన్న మిగతా పల్లె రోడ్లు కూడా పోతాయి.

అందుకే ఉన్న మట్టినే గట్టిపరచాలని నిర్ణయం. 5 మీటర్ల వెడల్పున 200 మి.మీ. మందం శుద్ధి చేసిన (సిమెంటులాంటివి కలిపి గట్టిపరచిన) పొర, దాని మీద 150 మి.మీ. తడి మిక్స్ కంకర, ఆపైన 20 మి.మీ. తారు. తారు దారి 3.75 మీటర్లే. గట్టి పొరను రెండు వైపులా అర మీటరుకు పైగా బయటికి తీయడానికి కారణం రేగడి అంచులోంచే ఎండుతుంది, అంచులోంచే నానుతుంది. ఆ మార్పు చక్రం నడిచే చోటి దాకా రాకూడదు.

లెక్కకు కూడా ఈ కొలత కలిసొచ్చింది. 5 మీటర్ల వెడల్పు, 200 మి.మీ. మందం అంటే రోడ్డు పొడవున మీటరుకు సరిగ్గా ఒక ఘనపు మీటరు.

మొదటి ప్రయత్నం: సిమెంటు ఒక్కటే

ల్యాబ్‌లో 6 శాతం సిమెంటుతో ఏడు రోజుల యూసీఎస్ (దిమ్మను నొక్కి కొలిచే బలం) 1.1 మెగాపాస్కల్ వచ్చింది. పెట్టుకున్న లక్ష్యం 1.0. కాబట్టి 100 మీటర్ల ట్రయల్ వేశారు. ముందు రోజు చిన్న వాన పడి మట్టి తేమ 24 శాతం ఉంది. ట్రాక్టరు రోటోవేటర్‌తో నాలుగు చాళ్లు తిప్పి, నీళ్లు కొట్టి, గ్రేడర్‌తో చదును చేసి రోలర్ తొక్కించారు. సిమెంటు తడి మట్టిని తాకినప్పటి నుంచి రోలింగ్ పూర్తయ్యేసరికి మూడున్నర గంటలు పట్టింది.

అదే మిశ్రమంతో సైటులో పోసిన దిమ్మల బలం 0.45. ల్యాబ్ అంకెలో సగం కూడా లేదు. ఇలాంటప్పుడు సైటులో ముందుగా వచ్చే మాట 'సిమెంటు పెంచుదాం' అనే. దానికి ముందు రెండు గుంటలు తీసి, గోడల మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లి చూశారు. సిమెంటు, సున్నం చేరిన మట్టి క్షారత వల్ల గులాబీ రంగుకు తిరుగుతుంది, చేరనిది మట్టిరంగులోనే ఉండిపోతుంది. కొన్ని వందల రూపాయల సీసాతో ఇంత స్పష్టంగా నిజం చెప్పే పరీక్ష ఈ పనిలో ఇంకొకటి లేదు.

గుంట గోడ పై 140 మి.మీ. గులాబీ, కింద 60 మి.మీ. ఉన్నది ఉన్నట్టే. వ్యవసాయ రోటోవేటర్ 120 నుంచి 150 మి.మీ. కంటే లోతు తెగదు. 200 మి.మీ. డ్రాయింగులో మాత్రమే కలిసింది. రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. గులాబీ భాగంలోని బెడ్డను చేత్తో విరిస్తే పైతొక్క గులాబీ, లోపల నల్లగా అదే రేగడి. సిమెంటు బెడ్డకు పూత పూసిందే తప్ప లోపలికి పోలేదు. జల్లెడ పట్టి చూస్తే 5.6 మి.మీ. లోంచి 46 శాతమే దిగింది. సిమెంటు పనికి కనీసం 80 శాతం దిగాలి. ల్యాబ్‌లోనేమో మట్టిని ఎండబెట్టి, దంచి, 4.75 మి.మీ. జల్లెడలోంచి తీసి పరీక్షిస్తారు. అంటే ల్యాబ్ పరీక్షించిన మట్టి, సైటులో ఉన్న మట్టి ఒకటి కావు.

దీనికి 3.5 గంటల ఆలస్యం తోడైంది. సిమెంటు మిశ్రమాన్ని కలిపిన రెండు గంటల్లో తొక్కి ముగించాలి. ఆ తర్వాత తొక్కితే అప్పటికే పుట్టిన అతుకులను రోలరే విరగ్గొడుతుంది.

ఇక్కడ సిమెంటును 6 నుంచి 10 శాతానికి పెంచితే బెడ్డ పైతొక్క మందమవుతుంది, అంతే. వాన నీరు లోపలికి చేరిన రోజు లోపలి రేగడి ఉబ్బి ఆ తొక్కను పగలగొడుతుంది. పైగా సిమెంటు ఎక్కువైన పొర ఎండేటప్పుడు వెడల్పాటి బీటలిస్తుంది. కాబట్టి పెంచకూడదని తేల్చారు. సమస్యను 'బలం చాలడం లేదు' అని కాకుండా 'బెడ్డ పగలడం లేదు' అని రాసుకున్నాకే పని దారికొచ్చింది.

రెండో ప్రయత్నం: బూడిద, కానీ సరైన బూడిద కాదు

బెడ్డ పగలాలంటే మట్టి జిగురు తగ్గాలి. పొడి బూడిద రెండు పనులు చేస్తుంది: తేమను పీల్చుకుంటుంది, మట్టి రేణువుల మధ్య దూరి జిగురును పలచన చేస్తుంది. ఆ తర్వాత సున్నం దొరికితే నెమ్మదిగా బంధం కూడా కడుతుంది. అయితే మన బొగ్గు బూడిదలో కాల్షియం తక్కువ. నీళ్లు పోస్తే తనంతట తాను గట్టిపడదు. నైవేలీ లిగ్నైట్ బూడిదలో సున్నం ఎక్కువ, దాని తీరు వేరు. అక్కడి అనుభవాన్ని తెచ్చి ఇక్కడి బూడిదకు అంటగట్టకూడదు.

థర్మల్ కేంద్రం 90 కిలోమీటర్ల దూరంలో ఉంది. బూడిదనంతా వినియోగంలోకి పంపాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఆ కేంద్రాలను ఆదేశిస్తోంది కాబట్టి దొరకడం సమస్య కాదు. ఏ బూడిద దొరుకుతుందన్నదే సమస్య.

మట్టి బరువులో 20 శాతం బూడిద, 5 శాతం సిమెంటుతో ఇంకో 100 మీటర్లు వేశారు. జల్లెడ కొలత 63 శాతానికి మెరుగుపడింది. బలం మాత్రం 0.55 దగ్గరే ఆగింది. ల్యాబ్‌లో ఇదే పాళ్లకు 1.25 వచ్చింది. తేడా బూడిదలో ఉంది. ల్యాబ్‌కు వెళ్లిన నమూనా చిమ్నీకి ముందు పొగలోంచి బూడిదను పట్టే ఈఎస్‌పీ హాపర్‌లోంచి తీసిన పొడి బూడిద. సైటుకు వచ్చింది చెరువు బూడిద, అంటే నీళ్లతో గుంటలోకి పంపి, తర్వాత జేసీబీతో తవ్వి లోడు చేసింది. అందులో బాయిలర్ అడుగున పడే ముతక బూడిద కూడా కలిసి ఉంటుంది.

రెండిటినీ వేరు చేయడానికి కంటిచూపు చాలదు, రెండూ బూడిదరంగులోనే ఉంటాయి. 45 మైక్రాన్ల జల్లెడ మీద నీళ్లతో కడిగితే తెలిసిపోతుంది. బూడిదకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 3812 మొదటి భాగం ప్రకారం జల్లెడ మీద మిగిలేది 34 శాతం దాటకూడదు. ఈ లోడులో 60 శాతానికి పైగా మిగిలింది. ముతక రేణువు సున్నంతో చర్య జరపడానికి ఉండే ఉపరితలం తక్కువ. అది ఇసుకలా పనిచేస్తుంది తప్ప బంధం కట్టదు. ఇంకో నష్టం, లోడులో తేమ 22 శాతం. లారీ కాటా బరువునే లెక్కలో పట్టారు కాబట్టి మట్టికి చేరిన బూడిద 20 శాతం కాదు, 16 పైచిలుకే. ఆ నీరంతా మిశ్రమం తేమకు అదనంగా వచ్చి చేరింది.

చెరువు బూడిద కట్టలు పోయడానికి బాగానే పనికొస్తుంది. సిమెంటుతో కలిపి బలం ఆశించే పొరకు పనికిరాదు.

కుదిరిన పద్ధతి

మిగిలిన ప్రశ్న, బెడ్డను 80 శాతం దాకా ఎలా పగలగొట్టాలి? పెద్ద స్టెబిలైజర్ యంత్రం అద్దెకు తేవడం 3 కిలోమీటర్ల పనికి గిట్టదు. రోటోవేటర్‌తోనే కావాలి. మట్టిలో మార్పు తేవడానికి సున్నాన్ని ముందు పంపి, సిమెంటును మర్నాడు పంపాలని తేల్చారు. సున్నంలోని కాల్షియం రేగడి రేణువుల మీది సోడియం వగైరాలను తోసి అక్కడ కూర్చుంటుంది. రేణువులు గుంపులు కట్టి, మట్టి పొడిపొడిగా రాలుతుంది. ఇది గంటల్లో మొదలై ఒక రోజులో చాలావరకు జరిగిపోతుంది. సిమెంటు నుంచి కూడా సున్నం పుడుతుంది కానీ, రేగడి ముందు దాన్ని తన ఆకలికి తినేస్తుంది. ఖరీదైన సిమెంటుతో చేయించాల్సిన పని కాదది.

క్షారతను కొలిచే పీహెచ్ పరీక్షలో మట్టి 12.4కి చేరడానికి 4 శాతం సున్నం పట్టింది. ఇచ్చింది 2 శాతమే. ఇక్కడ సున్నంతో బలం తేవడం లక్ష్యం కాదు, జిగురు విరగ్గొట్టడమే. మిగతా సున్నం సిమెంటు నుంచి వస్తుంది. 2 శాతం సున్నం, 20 శాతం బూడిద కలిపి 24 గంటలు ఉంచితే ద్రవ పరిమితి 58కి దిగింది, ప్లాస్టిక్ పరిమితి 37కి పెరిగింది. ప్లాస్టిసిటీ ఇండెక్స్ 46 నుంచి 21. ఆపైన 3 శాతం సిమెంటుతో ఏడు రోజుల బలం 1.3, 28 రోజులకు 2.1. మొదటి ప్రయత్నంలో సగం సిమెంటుతో అంతకన్నా మెరుగైన బలం.

మిశ్రమం గరిష్ఠ సాంద్రత 1.50, తేమ 24 శాతం. మట్టి 100 పాళ్లు, బూడిద 20, సున్నం 2, సిమెంటు 3, మొత్తం 125. మీటరు పొడవుకు 1500 కిలోల పొడి మిశ్రమంలో మట్టి 1200, బూడిద 240, సున్నం 24, సిమెంటు 36 కిలోలు. చదరపు మీటరుకు సిమెంటు 7.2 కిలోలు, అంటే ఒక 50 కిలోల బస్తా దాదాపు 7 చదరపు మీటర్లకు. సైటులో మేస్త్రీకి శాతాలు చెప్పకూడదు. సున్నంతో గళ్లు గీసి, గడికొక బస్తా అని చెప్పాలి.

మొదటి రోజుకు ముందు సాయంత్రమే పని మొదలవుతుంది. ఎండిన రేగడి బెడ్డ రాయిలా ఉంటుంది, రోటోవేటర్ పళ్లే వంగుతాయి. తడిస్తే జిగురు. రెండిటి మధ్య రైతు చెప్పే పదును ఉంది. కల్టివేటర్‌తో దున్ని, సాయంత్రం నీళ్లు చిలకరించి వదిలేస్తే ఎండు బెడ్డ రాత్రికి రాత్రి తనంతట తానే విచ్చుకుంటుంది. ఉదయానికి తేమ 16 నుంచి 18 శాతం మధ్య ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే పొడిగా రాలాలి.

లోతు సమస్యకు పొరను రెండు 100 మి.మీ. పొరలుగా విడగొట్టారు. పైసగం మట్టిని గ్రేడర్‌తో ఒక పక్కకు కట్టగా నెట్టి, కింది సగాన్ని అక్కడికక్కడే కలిపారు. బూడిద, సున్నం సగం కింది పొరకు, సగం పక్కన ఉన్న కట్టకు. బూడిద హాపర్‌దే. దుమ్ము లేవకుండా కేంద్రంలోనే 15 శాతం నీళ్లు కలిపి, టార్పాలిన్ కప్పి తెచ్చారు. ఈసారి కాటా బరువులోంచి నీటి బరువు తీసేసి లెక్కగట్టారు. రోటోవేటర్ మూడు చాళ్లు తిప్పి, తేమ చెదరకుండా పైపైన ఒకసారి రోలర్ తిప్పి రాత్రంతా వదిలేశారు.

నీళ్ల లెక్కలో ఎక్కువమంది తప్పు చేస్తారు కాబట్టి వివరంగా: 1500 కిలోలకు 24 శాతం అంటే మీటరుకు 360 లీటర్లు. ఎండకు ఆవిరయ్యేది 2 శాతం, 30 లీటర్లు. మట్టిలో 17 శాతం తేమ, అంటే 204 లీటర్లు ముందే ఉన్నాయి. బూడిదలో 36 ఉన్నాయి. పోయాల్సింది 150 లీటర్లు. 75 మీటర్లకు 11,250 లీటర్లు, రెండు 5000 లీటర్ల ట్యాంకర్లు, మూడోదాంట్లో కొంచెం. రెండో రోజు పొద్దున తేమ మళ్లీ కొలిచి తేడా మాత్రమే పోయాలి.

రెండో రోజు ఉదయం ఐదున్నరకే పని మొదలు. ముందు మళ్లీ రోటోవేటర్, తర్వాత జల్లెడ పరీక్ష. 5.6 మి.మీ. లోంచి 80 శాతం దిగేదాకా సిమెంటు బస్తా విప్పకూడదని నియమం. సగటున 84 దిగింది. ఒక రోజు 74 వస్తే ఆ బ్లాకును ఇంకో రోజు మాగనిచ్చారు. సిమెంటు పరిచి, రెండు చాళ్లు పొడిగా, రెండు చాళ్లు నీళ్లతో కలిపి, పళ్లున్న ప్యాడ్‌ఫుట్ రోలర్‌తో తొక్కి, పైన నున్నటి రోలర్. తర్వాత ఉపరితలాన్ని పళ్లతో గీరి, తడిపి, పైపొర పరిచి అదే వరుస. ఒక్కో పొరకు గడియారం విడిగా నడుస్తుంది, ఒక్కోదానికి రెండు గంటలు. అందుకే బ్లాకు 75 మీటర్లకే పరిమితం. 100 మీటర్లకు వెళ్లిన రోజు చివరి 20 మీటర్లలో సాంద్రత పడిపోయింది. రోజు పని ఆగిన చోట అంచును నిలువుగా కోసి, మర్నాడు అక్కడి నుంచే కలపాలి. వాలుగా వదిలేస్తే ఆ నాలుక ముందుగా లేచిపోతుంది.

పరిచే మోతాదు సరిచూడటానికి ఒక చదరపు మీటరు రేకు పళ్లెం, సాంద్రతకు ఇసుక పోసే పద్ధతి, లోతుకు మళ్లీ ఫినాఫ్తలీన్. సాంద్రత సగటున 1.47, అంటే 98 శాతం. ఏడు రోజులు గోనెలు కప్పి తడిపారు, ట్రాక్టర్లను కూడా రానివ్వలేదు. ఎండిన తర్వాత నాలుగైదు మీటర్లకొకటి వెంట్రుకవాసి అడ్డబీటలు వచ్చాయి. 2 మి.మీ. లోపే ఉన్నందున వాటిని పట్టించుకోలేదు. పైన ఉన్న 150 మి.మీ. కంకర పొర వాటిని తారు దాకా రానివ్వదు. సున్నం, సిమెంటు దుమ్ము కళ్లకు, చెమట పట్టిన చర్మానికి ప్రమాదం. అద్దాలు, గమ్ బూట్లు లేనివాళ్లను బస్తాల దగ్గరికి పంపలేదు.

ఎవరూ ఊహించని ఉబ్బు

కంకర పరవక ముందే, పొర వేసిన ఐదు వారాలకు, రెండు వానలు పడ్డాక, పాత చెరువు తోకకు ఆనుకుని ఉన్న 240 మీటర్లలో రోడ్డుకు అడ్డంగా 30 మి.మీ. దాకా దిండ్లు లేచాయి. కింది రేగడి ఉబ్బిందని మొదటి అనుమానం. గుంట తీస్తే కింది మట్టి తేమలో మార్పు లేదు. ఉబ్బింది శుద్ధి చేసిన పొరే. 200 మి.మీ. పొర 228 అయింది. సాంద్రత 1.47 నుంచి 1.29కి పడింది. పగలగొట్టిన ముక్కల్లో తెల్లని నూగు.

మట్టిలో సల్ఫేటు, ఎస్‌ఓ3గా లెక్కిస్తే, 0.7 నుంచి 1.1 శాతం. సిమెంటు పనికి మామూలుగా పెట్టుకునే హద్దు 0.2. మిగతా రోడ్డులో 0.1 లోపే ఉంది. మట్టిలోని జిప్సం, బయటి నుంచి వచ్చిన కాల్షియం, ఎక్కువ క్షారతలో బంకమట్టి నుంచి కరిగే అల్యూమినా, వీటికి నీరు తోడైతే ఎట్రింజైట్ అనే స్ఫటికం పుడుతుంది. తనలో చాలా నీటిని ఇముడ్చుకుని పెరుగుతుంది. గట్టిగా తొక్కిన పొరలో దానికి చోటు లేదు, కాబట్టి పొరను లేపుతుంది.

ఇది ముందు ఎందుకు దొరకలేదు? ఒకటి, నమూనాలు 500 మీటర్లకొకటి తీశారు. ఆ 240 మీటర్లు రెండు నమూనాల మధ్య పడింది. చెరువు తోక దగ్గర నేల తెల్లగా పూత పూసి ఉండటం, అక్కడ పైరు పలచగా ఉండటం కంటికి కనిపించేవే. రెండు, ఉబ్బు పరీక్ష నాలుగు రోజుల నానుడుతో ఆపేశారు. ఎట్రింజైట్‌కు వారాలు పడుతుంది. నాలుగు రోజుల పరీక్షలో ఆ మట్టి కూడా పాసయ్యేది.

తీసేసి మొరం పోయవచ్చు, 240 ఘనపు మీటర్లే. కానీ రెండు వైపులా నీరు దిగని గట్టి పొర, మధ్యలో నీరు తాగే మొరం. చెరువు పక్కన అది తొట్టిలా నిండుతుంది. అందుకే స్లాగ్ వైపు మొగ్గారు. విశాఖ ఉక్కు కొలిమిలాంటి చోట వచ్చే చిట్టాన్ని నీటితో చల్లార్చి, మెత్తగా దంచితే జీజీబీఎస్. అది గట్టిపడటానికి కొద్ది సున్నం చాలు, ఆ సున్నాన్ని తన చర్యలోనే ఖర్చు చేస్తుంది కాబట్టి సల్ఫేటుకు మిగిలేది తక్కువ. పైగా ఉబ్బిన పొరలో సున్నం ఇంకా ఉంది, ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ తిరిగింది. కొత్తగా సున్నం గానీ సిమెంటు గానీ వేయకూడదన్నది ఇక్కడి నిర్ణయం.

పొరను మళ్లీ చీల్చి, తగిన తేమ కంటే మూడు నాలుగు శాతం ఎక్కువగా తడిపి పది రోజులు వదులుగా ఉంచారు. ఉబ్బాల్సింది తొక్కక ముందే ఉబ్బిపోవాలి. తర్వాత 5 శాతం స్లాగ్, మొత్తానికి దాదాపు 17 టన్నులు, ఒక్క లారీ. ముందుగా దిమ్మలు పోసి 28 రోజులు నానబెట్టి చూశారు. పాత మిశ్రమం 7 శాతం ఉబ్బితే, మాగనిచ్చి స్లాగ్ కలిపినది 1 శాతం దగ్గర ఆగింది. స్లాగ్ నెమ్మది. ఏడు రోజులకు 0.5 మాత్రమే, 28 రోజులకు 1.4. అందువల్ల ఆ ముక్క మీదికి 14 రోజులు ఏ బండినీ వదల్లేదు. పని పూర్తయ్యే తేదీ ఆ మేరకు జరిగింది.

ఆ అనుభవంతో నమూనాల పద్ధతి మారింది. 500 మీటర్ల కొలతతో పాటు, నేల రంగు మారిన చోట, చెరువు, కాలువ తగిలిన చోట, పైరు పలచబడిన చోట ఒక్కో నమూనా అదనం. సల్ఫేటు పరీక్ష ప్రతి నమూనాకూ. బూడిద ప్రతి పదో లోడుకు 45 మైక్రాన్ల కడుగుడు, ప్రతి లోడుకు తేమ.

రెండు వానాకాలాల తర్వాత డీసీపీ (బరువు దెబ్బలతో నేలలోకి దించే మొనకడ్డీ) దించి చూస్తే, శుద్ధి చేయని పక్క నేలలో దెబ్బకు 60 మి.మీ. పైన దిగింది, గట్టి పొరలో 6 నుంచి 9. చెరువు దగ్గరి ముక్కలో 8 నుంచి 11. తారు మీద గాడులు లేవు. ఒక్క చోట, 60 మీటర్ల పొడవున ఎడమ అంచులో నిలువు బీట వచ్చింది. పక్కనే నాలుగు పెద్ద తుమ్మచెట్లు. వేళ్లు గట్టి పొర కింది రేగడిలోంచి తేమ లాగేస్తుంటే అంచు కుంగింది. బీటను తారుతో నింపి, భుజం మీద అర మీటరు వెడల్పున మిగిలిన బూడిద, సున్నంతోనే ఇంకో పట్టీ కలిపి తొక్కారు. చెట్లను కొట్టలేదు. ఆ వైపు కాలువను మాత్రం రెండు మీటర్లు అవతలికి జరిపారు. పట్టీ వేసి ఒక ఎండాకాలమే గడిచింది.